శీతాకాలం రాకముందే



నేను పల్లెటూరి సంఘకాపరిని. పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక కాలువ గట్టున మా మందిరం ఉంది. మా సంఘస్థులలో ఎక్కువమంది వ్యవసాయ కూలీలు, కొద్దిమంది చిన్న రైతులు. నాకు తెలిసిన చలి అంతా సంక్రాంతి నెలలో తెల్లవారుజామున కురిసే మంచు, క్రిస్మస్ రోజుల్లో రాత్రిపూట ఇంటింటికీ పాటలు పాడుతూ తిరిగేటప్పుడు చెవులకు చుట్టుకొనే మఫ్లరు. అంతే. అటువంటివాణ్ణి, ఒక చలిదేశంలో ఇల్లులాంటి బస్సును శీతాకాలానికి సిద్ధంచేసే పని నేర్చుకొన్నాను. ఆ పనిలో ఒక తప్పు చేశాను. ఆ తప్పు నా జీవితంలో అంతకంటె పాతదైన ఇంకొక తప్పును బయటకు తెచ్చింది. ఇది వ్రాయడం నాకు సులువు కాదు. అయినా బోధించేవాడు తన సంగతి దాచుకొని ఇతరుల సంగతే చెప్పుతూ ఉండకూడదని తోచి వ్రాస్తున్నాను.

మా అక్క నాకంటె పధ్నాలుగేళ్ళు పెద్దది. నన్ను చంకనెత్తుకొని పెంచింది. నర్సు చదువు చదివి, మొదట గల్ఫులో పనిచేసి, తరువాత కెనడా వెళ్ళింది. అక్కడ సస్కచవాన్ రాష్ట్రంలో సస్కటూన్ అనే పట్టణంలో స్థిరపడ్డారు. బావగారు బస్సులు బాగుచేసే షెడ్డులో మెకానిక్కుగా పనిచేసి రిటైరయ్యారు. మితభాషి. చేతిలో స్పానరు లేకపోతే ఆయనకు ఏమీ తోచదు.

2018 సెప్టెంబరు చివర అక్క టిక్కెట్టు పంపి నన్ను పిలిపించింది. ఐదు వారాలు సెలవు పెట్టి, ఆదివారపు ఆరాధనలు పెద్దలకు అప్పగించి వెళ్ళాను. విమానాశ్రయానికి బావగారే వచ్చారు. నా పెట్టె తీసుకొని, "ప్రయాణం బాగా జరిగిందా, పాస్టరుగారూ?" అన్నారు.

ఆ మాట నాకు గుచ్చుకొంది. నా చిన్ననాటినుండి ఆయన నన్ను "ఏరా అబ్బాయ్" అనే పిలిచేవారు. నాకు పాస్టరుగా అభిషేకం జరిగిన తరువాత కూడా అలాగే పిలిచారు. "పాస్టరుగారూ" అని మొదలుపెట్టి అప్పటికి నాలుగేళ్ళు. ఎందుకో ఆయనకు తెలుసు, నాకు తెలుసు, అక్కకూ తెలుసు. ఆ సంగతి తరువాత చెప్తాను.

చలి అంటే ఏమిటో

సస్కటూన్‌లో జనవరి నెలలో సున్నాకు దిగువ 30 డిగ్రీలు అంటే అక్కడివారు ఆశ్చర్యపడరు. కొన్ని రాత్రులు 40 కూడా తాకుతుంది. సెంటీగ్రేడు, ఫారెన్‌హీటు కొలతలు రెండూ ఒకే అంకె చూపించేది ఆ సున్నాకు దిగువ 40 దగ్గరే. చుట్టూ కనుచూపు మేర చదునైన పొలాలు. గోధుమ, కనోలా అనే నూనెగింజ, పప్పుధాన్యాలు పండిస్తారు. మన కొట్లలో అమ్మే మైసూరు పప్పులో కొంత ఆ నేలనుండి వచ్చినదే. నేను వెళ్ళేసరికి కోతలు జరుగుతున్నాయి. ఆకులు పచ్చబడి రాలుతున్నాయి. బాతులు గుంపులు గుంపులుగా దక్షిణానికి ఎగిరిపోతున్నాయి. ఎవరిని చూచినా ఒకటే తొందర, మంచు పడకముందే పనులు ముగించుకోవాలని.

బావగారికి మోటారు హోము ఉంది. మన లారీ అంత బండి. లోపల రెండు మంచాలు, గ్యాసు పొయ్యి, ఫ్రిజ్జు, కుళాయిలు, స్నానాల గది, మరుగుదొడ్డి, నీళ్ళు కాచే బాయిలరు, అన్నీ ఉంటాయి. సెకండ్‌హ్యాండులో కొన్న పాత బండి. మే నెలనుండి సెప్టెంబరు వరకు అక్కనూ పిల్లలనూ తీసుకొని చెరువులు, అడవులు తిరిగి వస్తారు. మిగిలిన ఏడు నెలలు దానికి పని లేదు. పట్టణం బయట తెలిసిన రైతు ఒకాయన పెరట్లో నిలిపి ఉంచుతారు.

"ఊరికే నిలబెడితే సరిపోదా?" అని అడిగాను.

బావగారు చిన్నగా నవ్వారు. "గాజు సోడా బుడ్డిని ఫ్రిజ్జులో మంచుగడ్డల అరలో పెడితే ఏమవుతుంది, పాస్టరుగారూ?"

పగిలిపోతుంది. అది నాకూ తెలుసు. లోకంలో చాలా వస్తువులు చల్లబడేకొద్దీ ముడుచుకొంటాయి. నీరు కూడా 4 డిగ్రీల వరకు అలాగే ముడుచుకొంటుంది. అక్కడినుండి ఎదురు తిరుగుతుంది. గడ్డకట్టేటప్పుడు సుమారు నూటికి 9 వంతులు పెరుగుతుంది. అందుచేతనే మంచుగడ్డ నీటిమీద తేలుతుంది, చెరువు పైపొర గడ్డకట్టినా అడుగున చేపలు బ్రతుకుతాయి. దేవుడు ఎంత జ్ఞానంగా చేశాడో చూడండి. అయితే చేపను కాపాడిన ఆ గుణమే గొట్టంలో చిక్కుకొన్న నీటికి వస్తే, గొట్టాన్ని పగలగొడుతుంది. ఇంట్లో అయితే రాత్రింబగళ్ళు వేడి పెట్టుకొంటారు. బండికి అది లేదు. గనుక దానిలో నీటిబొట్టు మిగలకూడదు.

బావగారు ఒక మాట అన్నారు. "చలి బండిని ఏమీ చేయదు. మనం లోపల వదిలేసిన నీళ్ళే చేస్తాయి."

నోటుపుస్తకం

ఆయన దగ్గర ఒక పొడుగాటి గీతల నోటుపుస్తకం ఉంది. దానిలో తెలుగులో, గుండ్రని అక్షరాలతో చేయవలసిన పనులు వరుసగా వ్రాసుకొన్నారు. మొత్తం 23. ప్రక్కన ఒక్కొక్క సంవత్సరానికి ఒక గడి. పని పూర్తయితే ఆ గడిలో టిక్కు పెడతారు. ఎన్నో ఏళ్ళుగా చేస్తున్న పని అయినా, ఆయన జ్ఞాపకాన్ని నమ్ముకోరు. నన్ను చదవమని, తాను చేస్తూ పోయేవారు.

కెనడాలో థాంక్స్‌గివింగ్ అనే కృతజ్ఞతల పండుగ అక్టోబరు రెండవ సోమవారం వస్తుంది. మన కోత పండుగలాంటిదే. ఆ ఏడు అది 8వ తేదీ. ఆరవ తేదీ శనివారం ఉదయం పనికి దిగాము.

మొదటి పని మరుగుదొడ్డి తొట్టి ఖాళీ చేయడం. అందుకు ప్రత్యేకమైన చోటు ఉంది, అక్కడికి బండి తోలుకొని వెళ్ళి, లావుపాటి గొట్టం బిగించి వదలాలి. మొదట మరుగుదొడ్డి తొట్టి, తరువాత స్నానాల నీళ్ళ తొట్టి. ఈ వరుస తప్పకూడదు. రెండవ తొట్టిలోని సబ్బునీళ్ళు వచ్చి గొట్టాన్ని కడుగుతాయి. మా సంఘంలో కొందరు నేను విదేశంలో పెద్ద పెద్ద సభలలో ప్రసంగిస్తున్నానని అనుకొంటూ ఉండవచ్చు. ఆ గంటలో నేను రబ్బరు తొడుగులు వేసుకొని, ముక్కు బిగబట్టి, మలం పోయే గొట్టం పట్టుకొని నిలబడి ఉన్నాను.

తరువాత మంచినీళ్ళ తొట్టి ఖాళీ చేశాము. బాయిలరు ముందే ఆర్పి, చల్లారనిచ్చి, వేడినీళ్ళ కుళాయి తిప్పి లోపలి ఒత్తిడి పోనిచ్చి, అప్పుడు అడుగున ఉన్న బిరడా విప్పారు. వేడిగా ఉండగా విప్పితే సలసల కాగే నీళ్ళు ముఖాన కొడతాయి. బిరడాతోపాటు జానెడు పైన పొడవుండే ఒక కడ్డీ బయటికి వచ్చింది. అంతా తినేసినట్టు, గుంటలు పడి, సగం కరిగిపోయి ఉంది. పాడైపోయింది కాబోలు అనుకొన్నాను.

"పాడవడానికే అది పెట్టింది. మెగ్నీషియం కడ్డీ. నీళ్ళు ఇనపతొట్టిని తినకుండా ముందు దీన్ని తింటాయి. ఇది పోతూ ఉన్నంతకాలం తొట్టి ఉంటుంది" అన్నారు బావగారు.

నేను ఆ కడ్డీని చేతిలో పట్టుకొని కాసేపు మాట్లాడలేదు. ఇరవై ఏళ్ళుగా సిలువను గూర్చి ప్రసంగించినవాణ్ణి. ఒకరికి బదులు ఒకరు నలగడం అనే మాట అంత తేటగా ఎప్పుడూ కంటికి కనబడలేదు. బావగారు ఆ కడ్డీని ప్రక్కన పడేసి, వసంతానికి క్రొత్తది కొనాలని పుస్తకంలో వ్రాసుకొన్నారు.

తొట్లు ఖాళీ అయినంత మాత్రాన గొట్టాలు ఖాళీ కావు. వంపుల్లో, పంపులో, కుళాయిల మెడల్లో నీళ్ళు నిలిచి ఉంటాయి. వాటిని త్రోసివేయడానికి గులాబి రంగు ద్రవం ఎక్కిస్తారు. ప్రొపిలీన్ గ్లైకాల్ అనే దానితో చేసినది. కారు రేడియేటరులో పోసేది వేరు, అది విషం, త్రాగునీటి గొట్టాల్లో ఎప్పుడూ పోయకూడదు. ఇది ప్రత్యేకంగా ఈ పనికి చేసినది. ముందు బాయిలరుకు వెళ్ళే దారి వాల్వులు త్రిప్పి మూసివేయాలి. లేకపోతే ఆరు గ్యాలన్ల ద్రవం దాని కడుపులోకే పోతుంది. తరువాత పంపుకు చిన్న గొట్టం తగిలించి, రెండవ కొస ద్రవం డబ్బాలో ముంచి, పంపు వేయాలి. అప్పుడు ఒక్కొక్క కుళాయి తిప్పుతూ పోవాలి. మొదట నీళ్ళు, తరువాత గాలి చప్పుడు, తరువాత గులాబి రంగు. ఆ రంగు నిలకడగా వచ్చేదాకా మూయకూడదు. వంటగదిలో చల్లనీళ్ళు, వేడినీళ్ళు. స్నానాల గదిలో చల్లనీళ్ళు, వేడినీళ్ళు. షవరు. మరుగుదొడ్డి. ఆఖరుకు ప్రతి తూము వంపులోనూ ఒక గ్లాసుడు పోయాలి. మూడు డబ్బాలు, అంటే పదకొండు లీటర్ల పైచిలుకు పట్టింది.

పందొమ్మిదవ పని

పుస్తకంలో పందొమ్మిదవది "బయటి షవరు". బండి వెలుపలి గోడలో చిన్న తలుపు ఉంటుంది. తీస్తే లోపల ఒక చేతి షవరు, దానికి రెండు కుళాయిలు. చెరువులో ఈదివచ్చిన పిల్లలు కాళ్ళ ఇసుక కడుక్కోవడానికి. బావగారు లోపల పంపు దగ్గర కూర్చొని, "బయట మీరు చూడండి, పాస్టరుగారూ" అన్నారు.

అప్పటికి సాయంత్రం నాలుగున్నర. ఉత్తరపు గాలి మొదలైంది. తొడుగులు తడిసి వ్రేళ్ళు మొద్దుబారాయి. అక్క ఇంట్లో టీ పెట్టి పిలుస్తోంది. అంతకంటె, నాలో కోపం ఉంది. పొద్దున్నుండి ఈయన ఒక కూలివాడికి చెప్పినట్టు పనులు చెప్తున్నాడే గాని, ఆప్యాయంగా ఒక్క మాట అనలేదు కదా అని. చల్లనీళ్ళ కుళాయి తిప్పాను. నీళ్ళు వచ్చాయి, గాలి వచ్చింది, గులాబి రంగు వచ్చింది. మూసేశాను. రెండవ కుళాయి మీద చేయి వేశాను కూడా. ఇదీ అదే గొట్టం కదా, దీనికీ వచ్చే ఉంటుందిలే అనుకొన్నాను. తలుపు మూసేశాను.

"పందొమ్మిది అయిందా?" లోపలినుండి అడిగారు.

"అయిపోయింది" అన్నాను.

నా మాట నమ్మి ఆయన గడిలో టిక్కు పెట్టారు.

మిగిలిన పనులు మంగళవారం చేశాము. పెట్రోలు ట్యాంకు నిండా పోయించి, నిలవకు చెడకుండా మందు కలిపి, ఇంజను, జనరేటరు కాసేపు నడిపారు. ట్యాంకులో ఖాళీ ఉంటే అక్కడ తేమ చేరుతుందట. బ్యాటరీలు విప్పి, ఇంటికి తెచ్చి ఛార్జి పెట్టారు. ఇక్కడ నేను ఎరుగని సంగతి ఒకటి తెలిసింది. నిండా ఛార్జి ఉన్న బ్యాటరీలోని ఆమ్లం సున్నాకు దిగువ 60 డిగ్రీల దాకా గడ్డకట్టదు. ఛార్జి దిగిపోయిన బ్యాటరీలో అది నీళ్ళలా పలచబడిపోతుంది. పది డిగ్రీల చలి వచ్చేలోపే గడ్డకట్టి, పెట్టె పగులుతుంది. మన ట్రాక్టరు బ్యాటరీలాంటిదే, మనకు ఆ చలి లేదు గనుక తెలియదు. గొట్టమైతే ఖాళీగా ఉంటేనే బ్రతుకుతుంది. బ్యాటరీ అయితే నిండుగా ఉంటేనే బ్రతుకుతుంది. దేన్ని ఖాళీ చేయాలో, దేన్ని నింపాలో తెలియడమే ఈ పనిలో జ్ఞానం.

ఫ్రిజ్జు కడిగి, తలుపు మూతపడకుండా మధ్యలో తువ్వాలు పెట్టాము. మూస్తే బూజు పడుతుంది. బియ్యపు గింజ, బిస్కెట్టు ముక్క కూడా మిగలకుండా ఊడ్చాము. ఎలుకలు దూరే కంతల్లో ఇనుప పీచు కుక్కాము. గ్యాసు సిలిండరు కట్టేశాము. చక్రాల క్రింద చెక్కలు వేసి, గాలి ఆడే గుడ్డ కప్పాము. ప్లాస్టిక్ పరదా కప్పితే తేమ లోపలే ఉండిపోతుంది. ఆ పని ముగిసిన మరునాటి ఉదయం నేల తెల్లగా ఉంది.

నవంబరు మొదటి వారంలో నేను ఇంటికి వచ్చేశాను.

మే నెలలో ఫోను

2019 మే నెలలో అక్క ఫోను చేసింది. ఆ మాట ఈ మాట అయ్యాక, నెమ్మదిగా, "తమ్ముడూ, బండి కారిందిరా" అంది.

వసంతం వచ్చాక గొట్టాలు కడగడానికి నీళ్ళు నింపి పంపు వేశారట. వేసిన కొద్దిసేపటికే గోడలోనుండి చప్పుడు, నేల మీద తడి. బయటి షవరు వెనుక వేడినీళ్ళ కుళాయి చిట్లిపోయింది. ఈనాటి ప్లాస్టిక్ గొట్టాలు కొంత సాగుతాయి. కుళాయి, అతుకులు సాగవు, పగులుతాయి. నీళ్ళు గోడ పలకలోకి దిగి అది ఉబ్బిపోయింది. బావగారు ఆ వయస్సులో మోకాళ్ళ మీద కూర్చొని పలక విప్పి, వారం రోజులు ఆరబెట్టి, క్రొత్త కుళాయి వేశారు. కుళాయి ఖరీదు పెద్దది కాదు. పనే పెద్దది.

"బావగారు ఏమన్నారు?" అని అడిగాను. నోరు ఎండిపోయింది.

"ఏమీ అనలేదు. చల్లనీళ్ళది తిప్పి వేడినీళ్ళది మరచిపోయినట్టున్నాడు అన్నారు, అంతే."

మరచిపోలేదు. అది నాకు తెలుసు. చేయి వేసి, తీసేశాను. "అయిపోయింది" అన్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బండి కుళాయి గురించి కాదు. ఇప్పుడు చెప్తానన్న సంగతి చెప్తాను.

2013లో మా నాన్నగారికి మూత్రపిండాలు చెడిపోయాయి. ఆసుపత్రి ఖర్చుల కోసం మాకున్న అరవై సెంట్ల కొబ్బరితోట అమ్మాము. నాన్నగారే సంతకం పెట్టారు. ఖర్చులు పోగా ఒక లక్షా నలభై వేలు మిగిలింది. "సగం అక్కది, దానికి ఇచ్చెయ్యి" అని నాన్నగారు మంచంమీద నాతో చెప్పారు. 2014లో ప్రభువునందు నిద్రించారు. మన దేశంలో 1925 నాటి వారసత్వ చట్టం ప్రకారం క్రైస్తవ తండ్రి వీలునామా వ్రాయకుండా పోతే కొడుకుకూ కూతురికీ సమాన వాటా వస్తుంది. ఆ లెక్కన చూచినా సగం అక్కదే. నేను ఆ సొమ్మంతా పెట్టి నా ఇంటిమీద స్లాబు వేయించాను.

అక్క ఒక్కసారి అడిగింది. "లెక్కలు చూచి చెప్తాను" అన్నాను. తరువాత బావగారు ఒక్కసారి అడిగారు. నేను లేచి, "దైవసేవకుణ్ణి లెక్కలడుగుతారా?" అన్నాను. మరి ఆయన అడగలేదు. ఆ రోజునుండే నేను పాస్టరుగారినయ్యాను.

వారికి డబ్బుకు కొదువ లేదని నాకు నేను చెప్పుకొన్నాను. నేను వారికోసం ప్రార్థిస్తున్నాను కదా అనుకొన్నాను. పండుగకు ఫోను చేస్తున్నాను, మాట్లాడుతున్నాను, ఇంకేమి కావాలి అనుకొన్నాను. చల్లనీళ్ళ కుళాయి తిప్పాను, గులాబి రంగు కనిపించింది. రెండవదాని మీద చేయి వేసి తీసేశాను. "నీకు అక్కతో సమాధానమేనా?" అని ఎవరైనా అడిగితే "ఆ, అయిపోయింది" అనేవాణ్ణి. అడిగినవారు టిక్కు పెట్టుకొనేవారు.

కానుక బలిపీఠం దగ్గర విడిచి, ముందు సహోదరునితో సమాధానపడి రావాలని ప్రభువు మత్తయి సువార్త 5వ అధ్యాయంలో బోధించిన సంగతి మీద నేను ఎన్నిసార్లు ప్రసంగించానో లెక్కలేదు. ఆ ప్రసంగాలన్నీ ఆ స్లాబు క్రిందే తయారుచేసుకొన్నాను.

లెక్క

మరునాడు నాన్నగారి ఆసుపత్రి బిల్లులు, తోట అమ్మిన కాగితాలు అన్నీ తీశాను. రెండు ఠావుల కాగితం మీద పైసలతో సహా లెక్క వ్రాశాను. క్రింద, "అక్కా, నీకు రావలసింది డెబ్బై వేలు. నా దగ్గర ఇప్పుడు లేవు. ఇంటిమీద పెట్టాను. వాయిదాల మీద ఇస్తాను. లెక్క అడిగినందుకు బావగారిని అవమానించాను. కుళాయి నేను మరచిపోలేదు, తిప్పలేదు. రెండింటికీ నన్ను క్షమించండి" అని వ్రాశాను. వ్రాసి నా భార్యకు చదివి వినిపించాను. ఆమెకు అంతవరకు అక్క వాటా సంగతి తెలియదు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత తన గాజులు తీసి నా ముందు పెట్టింది. అవి తాకట్టు పెట్టి మొదటి పదిహేను వేలు అక్క ఇక్కడి బ్యాంకు ఖాతాలో వేశాము.

అక్క వద్దంటుందని లోపల ఎక్కడో ఆశపడ్డాను. అక్క వద్దనలేదు. "అందింది తమ్ముడూ" అంది. అదే నాకు మేలైంది. వద్దంటే నేను మళ్ళీ సగంలోనే మూసేసి ఉండేవాణ్ణి. 2020లో లాక్‌డౌన్ నెలల్లో కానుకలు లేక రెండు వాయిదాలు ఆగాయి. 2021 డిసెంబరులో ఆఖరు వాయిదా కట్టాను. ఆ రసీదు ఫొటో తీసి పంపిన గంటకు ఫోను మ్రోగింది. బావగారు.

"ఏరా అబ్బాయ్, పిల్లలు బాగున్నారా?" అన్నారు.

ఏడున్నరేళ్ళ తరువాత విన్నాను ఆ పిలుపు. జవాబు చెప్పడానికి నాకు గొంతు రాలేదు. ఆయన కూడా ఆ సంగతి ఏమీ ఎత్తలేదు. బండి గురించి కాసేపు మాట్లాడి పెట్టేశారు.

తరువాత అక్క చెప్పింది. బండి కారిన ఏడే ఆయన నోటుపుస్తకంలో పందొమ్మిదవ పనిని దిద్దారట. అంతకుముందు "బయటి షవరు" అని ఉండేది. ఇప్పుడు "బయటి షవరు, రెండు కుళాయిలూ" అని ఉంది. నా పేరు లేదు. నా టిక్కు కొట్టివేయలేదు.

ప్రియులారా, అపొస్తలుడైన పౌలు చెరసాలనుండి తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలో, త్రోయలో కర్పు దగ్గర విడిచివచ్చిన అంగీని, పుస్తకాలను తెమ్మని అడుగుతాడు. చలికాలం రాకముందే వచ్చేందుకు ప్రయత్నించమని చివర బ్రతిమాలుతాడు. అంత గొప్ప పత్రిక చివర ఇంత చిన్న మాట ఎందుకా అని చదువుకొనే రోజుల్లో అనుకొనేవాణ్ణి. ఇప్పుడు అనుకోను. కొన్ని పనులకు కాలం ఉంది. మంచు పడిన తరువాత గొట్టం ఖాళీ చేయలేము. మనిషి పోయిన తరువాత అతనికి లెక్క చెప్పలేము. మా నాన్నగారికి నేను చెప్పలేకపోయాను. అక్కకు, బావగారికి చెప్పడానికి దేవుడు నాకు సమయం ఇచ్చాడు.

మన పల్లెల్లో గొట్టాలు పగిలే చలి రాదు. కాని అన్నదమ్ముల మధ్య గట్టు తగాదా, అక్కచెల్లెళ్ళకు ఇవ్వని వాటా, తీర్చని చేబదులు, చెప్పని క్షమాపణ, ఇవి మన ఇళ్ళలో ఏ వంపులో నిలిచి ఉన్నాయో మనకే తెలుసు. వెచ్చగా ఉన్నంతకాలం అవి చప్పుడు చేయవు. మీకు గుర్తున్నది ఏదైనా ఉంటే ఈ వారమే కాగితం తీసి లెక్క వ్రాయండి. ఒక కుళాయి తిప్పి ఊరుకోవద్దు. రెండవది కూడా తిప్పండి. నేను సగం పని చేసి పూర్తయిందని చెప్పినవాణ్ణి గనుక ఈ మాట చెప్పుతున్నాను.

ఇప్పుడు ప్రతి అక్టోబరు నెలలో బావగారు ఫోను చేసి పనుల జాబితా నాకు చదివి వినిపిస్తారు. నేను ఇక్కడ, కాలువ గట్టున, చెమట తుడుచుకొంటూ వింటాను. పందొమ్మిది రాగానే ఆయన ఆగుతారు.

"రెండూనా, బావగారూ?" అని నేను అడుగుతాను.

"రెండూరా అబ్బాయ్" అంటారు.

దేవుడు మన కుటుంబములను దీవించును గాక.